తెర మీది వెలుగుకు హద్దు గీసేదెవరు?

పొలం హద్దు తెలియాలంటే అడంగలు చూస్తాం, పహాణీ చూస్తాం, చివరికి సర్వే రాయిని వెతుకుతాం. రాయి నాలుగడుగులు జరిగినా ఊళ్ళో పంచాయితీ లేస్తుంది. హద్దు అంటే ఏమిటో సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1953లోనూ, 1956లోనూ పటం మీద గీసిన గీతల ఫలితాన్ని మూడు తరాలుగా అనుభవిస్తున్నవాళ్ళం మనం. అటువంటి గీతలే ఇప్పుడు మరొక చోట, కంటికి కనిపించని ఆస్తి మీద గీస్తున్నారు. ఆ ఆస్తి పేరు పేటెంటు. దాని హద్దురాళ్ళు మాటలు. ఆ మాటలు సరిగా ఉన్నాయో లేవో తేల్చే పనికే పేటెంటు పరీక్ష అని పేరు. ఈ పరీక్ష ఎలా జరుగుతున్నది, అందులో సామాన్యునికి చోటు ఎంత అన్నది న్యాయవాదులకూ ఇంజనీర్లకూ మాత్రమే సంబంధించిన విషయం కాదని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

విషయం స్పష్టంగా తెలియటానికి అందరమూ ఎరిగిన వస్తువునే తీసుకుందాం. అది సినిమా తెర మీద పడే వెలుగు. అందులోనూ ఇటీవలి కాలపు లేజరు ప్రొజెక్టరులోని వెలుగు పెట్టె.

కార్బన్ కడ్డీ నుంచి లేజరు దాకా

టూరింగ్ టాకీసుల రోజుల్లో రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య మండే నిప్పు వెలుగే బొమ్మను తెర మీదికి తెచ్చేది. కడ్డీ అరిగిపోతున్నకొద్దీ ఆపరేటరు దాన్ని ముందుకు జరుపుతూ ఉండవలసి వచ్చేది. ఆ తరువాత జెనాన్ దీపాలు వచ్చాయి. వాటిలో వాయువు అధిక పీడనంలో ఉంటుంది గనుక మార్చేటప్పుడు ముఖానికి రక్షణ కవచం పెట్టుకోవలసిందే. కొన్ని వందల గంటల నుంచి ఒకటి రెండు వేల గంటల దాకా వాటి ఆయుష్షు. బడుల్లో, కార్యాలయాల్లో వాడిన చిన్న ప్రొజెక్టర్లలో పాదరసపు దీపాలు ఉండేవి.

ఈ దీపాల స్థానంలో లేజరును పెట్టాలన్న ఆలోచన సులువైనదే. ఆచరణలో మూడు చిక్కులు ఎదురయ్యాయి. మొదటిది రంగు. తెర మీద బొమ్మకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కావాలి. నీలి లేజరు డయోడ్లు 1990ల చివరికి రూపుదిద్దుకున్నాయిగాని, నేరుగా ఆకుపచ్చ వెలుగునిచ్చే డయోడ్లు 2009 దాకా సాధ్యం కాలేదు. రెండవది మచ్చలు. లేజరు కాంతి క్రమబద్ధమైనది గనుక తెర మీద గింజలు గింజలుగా మెరుస్తుంది, కన్ను అలసిపోతుంది. మూడవది వేడి.

ఈ చిక్కులకు దొరికిన తెలివైన పరిష్కారం ఇది. నీలి లేజరును ఫాస్ఫరు పూత పూసిన చక్రం మీద పడవేస్తారు. నీలి వెలుగును పీల్చుకొని పసుపు, ఆకుపచ్చ వెలుగుగా తిరిగి ఇచ్చే గుణం ఆ పూతకు ఉన్నది. అలా బయటికి వచ్చిన వెలుగులో లేజరు క్రమం చెదిరిపోతుంది గనుక ఆ రంగుల్లో మచ్చల బాధ ఉండదు. ఒకే చోట వేడి పడితే పూత కాలిపోతుంది. అందువల్ల చక్రాన్ని నిమిషానికి వేల చుట్లు తిప్పుతారు. ప్రతి క్షణమూ కొత్త చోటు లేజరు కిందికి వస్తుంది, పాత చోటు చల్లబడుతుంది. చక్రాన్ని భాగాలుగా విభజించి వేర్వేరు పూతలు పూస్తే, తిరిగేకొద్దీ రంగులు ఒకదాని వెంట ఒకటి వరుసగా వస్తాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన సూక్ష్మ అద్దాల చిప్పును ఒక్కటే వాడే ప్రొజెక్టర్లకు కావలసినది సరిగ్గా ఇటువంటి వరుసే. ఇటువంటి వెలుగు పెట్టె ఇరవై వేల గంటలు, అంతకు పైగా పనిచేస్తుంది.

జపానుకు చెందిన కాసియో 2010లో నీలి లేజరు, ఆకుపచ్చ ఫాస్ఫరు, ఎర్ర ఎల్‌ఇడి కలిపిన ప్రొజెక్టర్లను విపణిలోకి తెచ్చింది. అంతకు ముందే చైనాలోని షెన్‌జెన్ నగరానికి చెందిన అపోట్రానిక్స్ సంస్థ ఇదే దారిలో పనిచేసి 2008లో మూల పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. ఆ పేటెంటు చెల్లదంటూ పోటీదారులు పలుమార్లు సవాలు చేశారు. 2019 జులైలో ఆ సంస్థ షాంఘై స్టాక్ మార్కెట్టుకు ఎక్కిన కొద్ది రోజులకే తైవానుకు చెందిన డెల్టా ఎలక్ట్రానిక్స్ దాని మీద పేటెంటు దావాలు వేసింది. అపోట్రానిక్స్ కూడా ఎదురు దావాలు వేసింది. అరచేతిలో పట్టే చక్రానికి ఇంత పోరాటం ఎందుకు? ఆ చక్రం హద్దు ఎవరి చేతిలో ఉంటే, ఆ వెలుగుతో నడిచే ప్రతి ప్రొజెక్టరు మీదా సుంకం వసూలు చేసే అధికారం వారి చేతిలో ఉంటుంది గనుక.

పరీక్షలో ఏమి పరీక్షిస్తారు?

మన దేశంలో పేటెంట్ల చట్టం 1970 నాటిది. 2002, 2005 సవరణలతో దాని రూపం బాగా మారింది. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 సంవత్సరాల పాటు ఆ వస్తువును తయారుచేయటానికి, వాడటానికి, అమ్మటానికి, దిగుమతి చేసుకోవటానికి ఇతరులను అడ్డగించే హక్కే పేటెంటు. ఈ హక్కు ఊరికే ఇచ్చేది కాదు. కొత్త సంగతిని దాచుకోకుండా పూర్తిగా వెల్లడి చెయ్యి, అందుకు బదులుగా కొంతకాలం గుత్తాధికారం తీసుకో అని సమాజం ఆవిష్కర్తతో చేసుకునే ఒప్పందం ఇది. ఒప్పందంలో సమాజం తరపున కూర్చునేవాడు పరీక్షాధికారి. ఆయన మెతకబడితే నష్టపోయేది సమాజమే.

దరఖాస్తులో రెండు ముఖ్య భాగాలుంటాయి. మొదటిది వివరణ. ఆ పనిలో ఆరితేరినవాడు చదివి తానే చేయగలిగేంత వివరంగా, తనకు తెలిసిన మేలైన పద్ధతిని దాచకుండా ఆవిష్కర్త అందులో రాయాలి. రెండవది క్లెయిములు. ఇవే హద్దురాళ్ళు. క్లెయిములు స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలనీ, వివరణలో చెప్పిన దాని మీద న్యాయంగా ఆధారపడి ఉండాలనీ 10వ సెక్షను ఆదేశిస్తున్నది.

ఈ నియమం విలువ మన ఉదాహరణలో చూద్దాం. ఒక దరఖాస్తుదారు తన వివరణలో తిరిగే చక్రం గురించి మాత్రమే రాశాడని అనుకుందాం. క్లెయిములో మాత్రం "కదిలే ఆధారం మీద పూసిన ఫాస్ఫరు" అని రాసుకున్నాడు. తిరగటం కదలికలలో ఒకటి మాత్రమే. కదలటం అంటే ఊగటమూ కావచ్చు, ముందుకూ వెనక్కూ జరగటమూ కావచ్చు. అలాగే వివరణలో లేజరు అని చెప్పి, క్లెయిములో "ఉత్తేజపరిచే కాంతి జనకం" అని వేశాడనుకుందాం. అప్పుడు లేజరుతో పాటు ఎల్‌ఇడి కూడా ఆయన కంచెలోకి వచ్చేస్తుంది. రేపు హోసూరులోనో షోలాపూరులోనో ఒక చిన్న పరిశ్రమదారు చక్రం లేకుండా ఊగే పలకతో మరింత చవకైన పెట్టెను తయారుచేస్తే, తాను కనిపెట్టని దానికి కూడా మొదటివాడు వచ్చి హద్దు చూపిస్తాడు. ఒక మాట మార్పుతో ఒకరి జీవనోపాధి ఇంకొకరి కంచెలోకి పోతుంది. నేర్పినదెంతో అంతవరకే హక్కు ఉండాలి. పరీక్షాధికారి చేతిలో కత్తెర ఉన్నది అందుకే.

ఇక రెండవ ప్రశ్న, అసలు ఇది ఆవిష్కరణేనా అన్నది. నీలి లేజరు తెలిసినదే. నీలి వెలుగును పసుపుగా మార్చే ఫాస్ఫరు 1990ల నుంచి తెల్ల ఎల్‌ఇడి దీపాల్లో ఉన్నదే. రంగుల చక్రం పాత ప్రొజెక్టర్లలోనూ తిరిగినదే. మూడు తెలిసిన వస్తువులను ఒకచోట చేరిస్తే ఆవిష్కరణ అవుతుందా? మన చట్టంలోని 3(ఎఫ్) సెక్షను దీనికి నేరుగా సమాధానం చెబుతున్నది. తెలిసిన పరికరాలు వేటి పని అవి తెలిసిన తీరులోనే, ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా చేసుకుంటూ ఉంటే, వాటిని కేవలం పేర్చటం, అటూ ఇటూ మార్చటం ఆవిష్కరణ కాదు. మరి చక్రం తిరగటం వల్ల పూత కాలకుండా నిలిచి, అదే తిరుగుడుతో రంగుల వరుస కూడా సిద్ధించి, అదే పూత వల్ల లేజరు మచ్చలు కూడా తగ్గితే? అప్పుడు భాగాలు విడివిడిగా పనిచేయటం లేదు, ఒకదానికొకటి ఊతమిస్తున్నాయి. విడివిడిగా రాని ఫలితం కలయిక వల్ల వచ్చింది. అటువంటి కలయికను మొట్టమొదట చూపినవానికి పేటెంటు ఇవ్వటం న్యాయమే. ఆ తరువాత వచ్చి, చక్రం అంచున ఒక రెక్క తగిలించాననీ, పూత మందం కాస్త మార్చాననీ కొత్త పేటెంటు అడిగేవారిని మాత్రం గట్టిగా ప్రశ్నించాలి.

మిర్జాపూరు పాత్రల తీర్పు

ఇది గాలిలో చెప్పే సూత్రం కాదు. మన సుప్రీంకోర్టు ఈ గీతను ఎప్పుడో గీసింది. ఉత్తరప్రదేశ్‌లోని మిర్జాపూరు ఇత్తడి పాత్రలకు పేరుపొందిన ఊరు. పాత్రలను లేతు మీద బిగించి తిప్పి నునుపు చేసే పరికరానికి అక్కడి హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ 1951 నాటి పేటెంటు సంపాదించింది. అదే ఊళ్ళో అదే పని చేసే బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థ మీద దావా వేసింది. పాత్ర జారిపోకుండా లేతు టెయిల్‌స్టాక్ ఒత్తిడితో పట్టి ఉంచటమే తమ గొప్పతనమని వాదించింది. అలహాబాదు హైకోర్టులో ఏకసభ్య న్యాయమూర్తి పేటెంటును రద్దు చేశారు. ధర్మాసనం దాన్ని నిలబెట్టింది. చివరికి 1978 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తేల్చింది. టెయిల్‌స్టాకుతో ఒత్తిపట్టటం లేతు పనివాళ్ళందరికీ తెలిసిన సంగతేననీ, వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగు ఆవిష్కరణ కాదనీ, తెలిసిన భాగాల కలయిక కొత్త ఫలితాన్ని ఇస్తేనే పేటెంటుకు అర్హమనీ చెప్పింది.

ఈ తీర్పును న్యాయ విద్యార్థులు సూత్రం కోసం చదువుతారు. నేను అందులోని కాలాన్ని చూపించదలచాను. 1951 నాటి పేటెంటు చెల్లదని తేలటానికి 1978 దాకా పట్టింది. పరీక్ష దశలోనే ఎవరైనా లేతు పనివాణ్ణి పిలిచి అడిగి ఉంటే, ఇది మేము రోజూ చేసే పనే అని ఒక్క మాటలో చెప్పి ఉండేవాడు. పరీక్ష జరిగింది గనుక పేటెంటు చెల్లుతుందన్న హామీ ఏదీ లేదని మన చట్టంలోని 13వ సెక్షనే చెబుతున్నది. అంటే పరీక్షలో జరిగిన పొరపాటుకు మూల్యం చెల్లించేది కోర్టు మెట్లెక్కిన పొరుగువాడు.

ఆలస్యం కూడా అన్యాయమే

పరీక్ష కఠినంగా ఉండాలంటే సాగదీయాలని కాదు. లేజరు చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉన్నది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి గోర్డన్ గౌల్డ్ 1957 నవంబరులో తన నోటుపుస్తకంలో లేజరు లెక్కలు రాసి, ఆ పుటలను నోటరీ చేయించుకున్నాడు. లేజరు అన్న పేరు ఆ పుటల్లోనే ఉన్నది. కాని పనిచేసే యంత్రాన్ని తయారుచేసి చూపితేగాని పేటెంటు రాదని పొరబడి ఆగిపోయాడు. ఈలోగా చార్లెస్ టౌన్స్, ఆర్థర్ షాలో 1958లో దరఖాస్తు పెట్టారు. 1960 మార్చిలో వారికి పేటెంటు వచ్చింది. 1959లో దరఖాస్తు పెట్టిన గౌల్డుకు దక్కవలసిన అమెరికా పేటెంట్లలో మొదటి ముఖ్యమైనది 1977లో దక్కింది. మరికొన్ని 1980లలో వచ్చాయి.

ఇది ఒక మనిషికి జరిగిన అన్యాయంగానే చాలామంది చెప్పుకుంటారు. రెండవ వైపు కూడా చూడాలి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు గడువు ఇచ్చిన తేదీ నుంచి 17 ఏళ్ళు. 1959లో లేజరు పరిశ్రమ అన్నదే లేదు. 1977 నాటికి అది కర్మాగారాల్లోకీ ఆసుపత్రుల్లోకీ విస్తరించింది. ఎవరికీ చెందదనుకున్న చేలో ఏళ్ళ తరబడి సేద్యం చేసుకుంటున్న పరిశ్రమలకు హఠాత్తుగా కౌలు కట్టమని నోటీసులు వచ్చాయి. ఆలస్యం ఆవిష్కర్తను ఇరవై ఏళ్ళు ఏడిపించింది, ఆ తరువాత వాడుకరులను ఏడిపించింది. 1995 జూన్ 8 నుంచి పెట్టిన దరఖాస్తులకు అమెరికా కూడా గడువును దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళుగా లెక్కించటం మొదలుపెట్టింది.

మన చట్టంలో గడువు దరఖాస్తు తేదీ నుంచే నడుస్తుంది గనుక ఆ ముప్పు తక్కువ. కాని మరొక ముప్పు ఉన్నది. దరఖాస్తు సాధారణంగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. ఆనాటి నుంచే దరఖాస్తుదారుకు హక్కులు లెక్కకు వస్తాయి, దావా వేసే అధికారం మాత్రం పేటెంటు వచ్చాక. పరీక్ష నానిన ప్రతి సంవత్సరమూ చిన్న పరిశ్రమదారు తలపై అనుమానం వేలాడుతూనే ఉంటుంది. ఈ యంత్రం మీద పెట్టుబడి పెట్టాలా, వద్దా అన్న సందేహంతో బ్యాంకు అప్పు కూడా ఆగిపోతుంది. 2024 మార్చి సవరణ నియమాలు పరీక్ష కోరుకునే గడువును 48 నెలల నుంచి 31 నెలలకు తగ్గించాయి. ఇది స్వాగతించవలసిన మార్పు.

ఎవరైనా మాట్లాడవచ్చు, కాని ఏ భాషలో?

పరీక్షలో లేతు పనివాణ్ణి అడగాలన్నాను కదా. అందుకు మన చట్టంలో తలుపు ఉన్నది. 25(1) సెక్షను ప్రకారం, ప్రచురితమైన దరఖాస్తు మీద పేటెంటు ఇచ్చేలోపు "ఎవరైనా" రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపవచ్చు. వ్యాపార సంబంధం ఉండనక్కరలేదు. పేటెంటు వచ్చిన తరువాత ఏడాదిలోపు పెట్టే అభ్యంతరానికైతే సంబంధం ఉన్నవాడై ఉండాలి. ముందరి దశలో పౌరుడైతే చాలు. ఇరవై ఏళ్ళు ప్రొజెక్టరు నడిపిన ఆపరేటరు, ఇటువంటి చక్రాన్ని ఫలానా యంత్రంలో ఎప్పుడో చూశానని ఆధారంతో చెబితే కంట్రోలరు పరిశీలించి తీరాలి. ఆ తలుపు కూడా ఈమధ్య కొంత మూసుకున్నది. అభ్యంతరం నిలుస్తుందో లేదో కంట్రోలరు ముందుగా తేల్చాలనీ, దానికి రుసుము కట్టాలనీ 2024 నియమాలు చెబుతున్నాయి. పరీక్ష వేరు, అభ్యంతరం వేరు, అభ్యంతరం తెలిపినవారికి పరీక్షలో పాల్గొనే హక్కు లేదని అదే ఏడాది జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం తేల్చింది. పనికిరాని అభ్యంతరాలతో కాలయాపన చేసేవారు లేరని నేననను. పోటీదారులు బినామీ పేర్లతో అడ్డుపుల్లలు వేసిన సందర్భాలు ఉన్నాయి. కాని దొంగలు వస్తారని ఊరి తలుపుకు తాళం వేస్తే ఊరివాళ్ళు కూడా బయటే ఉండిపోతారు.

ఇక అసలు అడ్డుగోడ భాషది. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంతో సహా పుదుచ్చేరి చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి. మహారాష్ట్ర తెలుగువారికి ముంబయి, ఒడిశా తెలుగువారికి కోల్‌కతా. మూడింటిలో దేనికి వెళ్ళినా భాష మాత్రం రెండే. కార్యాలయానికి సమర్పించే పత్రాలు హిందీలోగాని ఇంగ్లీషులోగాని ఉండాలని 2003 పేటెంటు నియమాలలో 9వ నియమం శాసిస్తున్నది. బళ్ళారి వర్క్‌షాపు యజమాని, బరంపురం టాకీసు ఆపరేటరు, షోలాపూరు మరమగ్గాల మెకానిక్కు తమ చేతిపని గురించి తమకు తెలిసిన మాటల్లో చెప్పుకోవటానికి అక్కడ చోటు లేదు. తమను కట్టిపడవేసే హద్దు ఎక్కడున్నదో చదువుకోవటానికీ వీలు లేదు. చట్టం తెలియదన్న సాకు కోర్టులో చెల్లదు. తెలుసుకునే వీలు కల్పించకుండా తెలియదనటం తప్పని చెప్పటం ఏ న్యాయం?

సాంకేతిక విషయం తెలుగులో రాయటం కుదరదని కొందరు అంటారు. పైన వెలుగు పెట్టె గురించి చెప్పిన నాలుగు మాటలు చదివిన పాఠకులే దానికి తీర్పరులు. లేజరు, ఫాస్ఫరు, డయోడు వంటి మాటలు ఇంగ్లీషువారికీ పుట్టుకతో వచ్చినవి కావు. జపాను, చైనా, కొరియా తమ పేటెంట్లను తమ భాషల్లోనే పరీక్షించుకుంటున్నాయి. ఈ వెలుగు పెట్టెల్లో ముందున్న దేశాల్లో అవీ ఉన్నాయి. ఐరోపా పేటెంటు కార్యాలయం ఏ భాషలో విచారణ జరిపినా, మంజూరైన పేటెంటు క్లెయిములను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను మూడింటిలోనూ ప్రచురిస్తుంది. హద్దురాయి మీది రాతను మాత్రమైనా అందరూ చదవగలగాలన్నదే అక్కడి నీతి.

మన రాజ్యాంగంలో 350వ అధికరణం ఉన్నది. బాధ తీర్చమని కేంద్రంలోని గాని రాష్ట్రంలోని గాని ఏ అధికారికైనా చేసుకునే విజ్ఞాపనను, కేంద్రంలోనో ఆ రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉన్నదని అది చెబుతున్నది. 25(1) సెక్షను కూడా కంట్రోలరుకు విజ్ఞాపన చేసుకోవటం గురించే మాట్లాడుతున్నది. ఇది శాసనపరమైన విచారణ, అది కేవలం అర్జీ, రెండూ ఒకటి కాదని ప్రభుత్వ న్యాయవాదులు వాదిస్తారని నాకు తెలుసు. ఆ వాదనలో కొంత బలమూ ఉన్నది. ఐతే తన వృత్తికి అడ్డుకట్ట పడబోతున్నదని పనివాడు చెప్పుకునే మాటను మించిన బాధ ఏది? పైగా 9వ నియమంలోనే, కంట్రోలరు అనుమతిస్తే తప్ప అన్న వెసులుబాటు ఉన్నది. చట్టాన్ని మార్చనక్కరలేకుండానే కంట్రోలరు ఆ వెసులుబాటును ఉపయోగించవచ్చు. ఆయన్ని అడిగేవాళ్ళు కావాలి.

మనం అడగవలసినవి

ఒకటి, మంజూరైన ప్రతి పేటెంటు సారాంశాన్నీ మొదటి క్లెయిమునూ ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో అందుబాటులోకి తేవాలి. అనువాద యంత్రాలు ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో ఖర్చు ఎక్కువన్న సాకు నిలబడదు. అనువాదాన్ని నిపుణుడొకరు సరిచూస్తే చాలు, చట్టబద్ధమైన పాఠంగా మూలమే ఉండవచ్చు. రెండు, 25(1) సెక్షను కింద ఇచ్చే అభ్యంతరాన్ని ఆ కార్యాలయ పరిధిలోని భాషల్లో స్వీకరించి, అనువాదం బాధ్యతను కార్యాలయమే వహించాలి. మూడు, వ్యక్తులకూ చేతివృత్తులవారికీ ఆ అభ్యంతరం మీద రుసుము తీసివేయాలి. నాలుగు, తెలిసిన భాగాల కలయికలకు పేటెంటు ఇచ్చేటప్పుడు ఏ భాగం దేనికి ఊతమిచ్చి ఏ కొత్త ఫలితం తెచ్చిందో పరీక్షాధికారి తన ఉత్తర్వులో కారణాలతో రాయాలి.

ఇవి లేజరు ప్రొజెక్టరుతో ఆగే విషయాలు కావు. నూలు వడికే యంత్రమైనా, బోరు మోటారు స్టార్టరైనా, రేపటి సోలారు పంపైనా ఇదే పరీక్ష గుండా వస్తుంది. కొన్న యంత్రాన్ని బాగుచేయించుకోవటం వేరు, దానిలోని పేటెంటు భాగాన్ని కొత్తగా తయారుచేసి అమ్మటం వేరు. ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలియక అనవసరంగా భయపడి మానుకునేవారూ ఉన్నారు, తెలియక చిక్కుల్లో పడేవారూ ఉన్నారు. ఇద్దరికీ మందు ఒకటే, హద్దును చదవగలగటం.

ఆవిష్కర్త శ్రమకు ఫలం దక్కాలి. దానికి నేను వ్యతిరేకిని కాను. చక్రం తిప్పి నీలి వెలుగును పసుపుగా మార్చి తెరకు పంపినవాడు గౌరవానికి అర్హుడే. ఆయనకు ఇచ్చే చోటు ఎంతో కొలిచే తాడు మాత్రం అందరికీ కనిపించాలి. మీ ఊళ్ళో యంత్రం పని చేసేవారు, వర్క్‌షాపులు నడిపేవారు, ఇంజనీరింగు చదివే పిల్లలు ఉంటే పేటెంటు కార్యాలయం ప్రతి శుక్రవారం ప్రచురించే పత్రికను చూడమనండి. తమ పనికి దగ్గరగా ఉన్న దరఖాస్తు కనిపిస్తే, ఇది మాకు ముందే తెలుసునని ఆధారంతో రాయమనండి. తెలుగులో రాసి, కింద ఇంగ్లీషు అనువాదం జతచేసి, తెలుగు పాఠాన్ని కూడా స్వీకరించమని 350వ అధికరణాన్నీ 9వ నియమాన్నీ ప్రస్తావించి అడగమనండి. ఒక్కరు అడిగితే పక్కన పడేస్తారు. చెన్నైకీ, ముంబయికీ, కోల్‌కతాకూ పదులుగా వందలుగా అటువంటి కాగితాలు చేరినప్పుడు ఏదో ఒక ఉత్తర్వు ఇవ్వక తప్పదు. ఆ ఉత్తర్వు మనకు వ్యతిరేకంగా వచ్చినా నష్టం లేదు, దాని మీద హైకోర్టుకు వెళ్ళటానికి దారి ఏర్పడుతుంది.